మూడో గంట ఎవరిది? రంగస్థల నిర్వహణ శ్రమ – అరకు థింసా వేదిక

తెలుగు నాటక ప్రదర్శనకు మూడు గంటలు. మొదటి గంట ప్రేక్షకులను కూర్చోమంటుంది. రెండో గంట నటులను తెర వెనుకకు చేరమంటుంది. మూడో గంటతో తెర లేస్తుంది. ఈ మూడో గంట కొట్టేముందు ఒక మనిషి చాలా సంగతులు తేల్చుకోవలసి ఉంటుంది. హార్మోనిస్టు వచ్చి కూర్చున్నాడా, రెండో రంగానికి కావలసిన సింహాసనం సైడ్ వింగ్ పక్కకు చేరిందా, తెర తాడు చిక్కుపడకుండా ఉందా, ఆలస్యంగా వచ్చిన నటుడి రంగు ఆరిందా, దీపాల దగ్గర ఉన్నవాడికి ఏ పద్యం మీద వెలుగు తగ్గించాలో గుర్తుందా? ఇంగ్లీషు రంగస్థలం ఈ మనిషిని స్టేజి మేనేజరు అంటుంది. ‘రంగస్థల నిర్వాహకుడు’ అన్న మాట తెలుగు పాఠ్యగ్రంథాలలో కనిపిస్తుంది గాని సమాజాల నోట నిలవలేదు. అక్కడ మేనేజరు అంటే లెక్కలు చూసేవాడు, ప్రాంప్టరు అంటే మాట అందించేవాడు, కాంట్రాక్టరు అంటే నటులను కుదిర్చి తెచ్చేవాడు. గంట కొట్టే పూచీ వీరిలో ఎవరిదన్నది ఆ రాత్రి పరిస్థితిని బట్టి తేలుతుంది.

ఒక పనికి స్థిరమైన పేరు లేకపోవడం పైకి పరిభాషా సమస్యగానే కనిపిస్తుంది. కాని పేరు లేని పనికి వేళలు లేవు, వేతనం లేదు, ఆ పని చేసేవారు ఒక సంఘంలో సభ్యులుగా చేరడానికి ఆధారమూ లేదు. తెలుగు ప్రదర్శన రంగంలో నిర్వహణ శ్రమ ఎప్పుడూ ఏదో ఒక సంబంధం చాటున ఉండిపోయింది. సురభిలో అది కుటుంబం చాటున, పద్యనాటకంలో బేరం చాటున, ఉద్యమ రంగస్థలంలో ఆశయం చాటున, మన్యంలో ఊరి ఆచారం చాటున ఉంది. ఆ సంబంధం సడలినచోట శ్రమ ఒక్కసారిగా బయటపడుతుంది. ఈనాడు అది అందరి కళ్ళముందు బయటపడుతున్న చోటు అరకులోయ. పర్యాటకుల కోసం ఆడే థింసా గురించి విమర్శ అడుగుతూ వచ్చిన ప్రశ్న, అది అసలైనదా కాదా అన్నది. దానికంటె ముందు అడగవలసినది, అక్కడ మూడో గంట ఎవరి చేతిలో ఉంది అన్నది.

సూత్రం పట్టినవారు

ప్రాచీన శాస్త్రానికి ఈ విషయంలో చూపు స్పష్టంగానే ఉంది. నాట్యశాస్త్రం 35వ అధ్యాయం నాటక బృందంలోని వారిని వరుసగా పేర్కొంటుంది. సూత్రధారుడు, నటుడు, విదూషకుడు ఉన్న ఆ వరుసలోనే కిరీటాలు చేసేవాడు, ఆభరణాలు చేసేవాడు, మాలలు కట్టేవాడు, వేషం దిద్దేవాడు, చిత్రకారుడు, బట్టలు శుభ్రపరిచే రజకుడు కూడా ఉన్నారు. వీరంతా బృందానికి బయటి సేవకులు కారు, బృందసభ్యులు. సభ్యత్వం అన్న భావనకు ఇంతకంటె పాత ఆధారం భారతీయ రంగస్థల వాఙ్మయంలో వెదకనక్కరలేదు. నాట్యశాస్త్రాన్ని తెలుగులోకి తెచ్చిన పోణంగి శ్రీరామ అప్పారావే 1967లో ‘తెలుగు నాటక వికాసము’ వెలువరించారు. రెండేళ్ళ తర్వాత మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి ‘ఆంధ్ర నాటకరంగ చరిత్ర’ వచ్చింది. ఈ రెండు ఉద్గ్రంథాల మీద నిలబడే తర్వాతి పరిశోధన సాగింది. ఆ పరిశోధన నాటకకర్త, నటుడు, సమాజం అన్న మూడు స్తంభాల మధ్యనే తిరిగింది. మాలలు కట్టేవాడిని భరతుడు లెక్కపెట్టాడు. నాలుగు దశాబ్దాలు తెర లాగినవాడిని సిద్ధాంత వ్యాసాలు లెక్కపెట్టలేదు. పద్యం ఏ రాగంలో పాడారో తెలుసుకోవడానికి చూపిన శ్రద్ధలో కొంతైనా తెర తాడు మీద పెట్టి ఉంటే వృత్తి నాటకరంగ చరిత్ర వేరుగా ఉండేది.

తెలుగువారి వృత్తి నాటకానికి ముందు నిలిచే పేరు సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’తో ప్రారంభించిన ఈ పరంపర కుటుంబాలు శాఖలుగా విస్తరించినకొద్దీ పలు సమాజాలుగా చీలి ఊరూరా సాగింది. వాటిలో ఒకటైన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి 1937లో నెలకొన్నది తూర్పు కనుమల అంచున, విజయనగరం నుంచి రాయగడకు పోయే రైలుదారిలోని జిమిడిపేటలో. కడప మెట్టనేలల్లో పుట్టిన వృత్తి నాటకం కొండల అంచున ఒక కొత్త సమాజానికి పుట్టిల్లు వెదుక్కుందన్న ఈ సంగతికి చరిత్రలో దక్కవలసిన చోటు దక్కలేదు. సంచార సమాజానికి రైలుస్టేషను ఎంత అవసరమో గుర్తుచేసుకుంటే జిమిడిపేట వంటి చిన్న ఊరి ప్రాముఖ్యం బోధపడుతుంది. తెరలు, పెట్టెలు, కప్పీలు, తాళ్ళు, పిల్లాజెల్లా అన్నీ కదలాలి. వాటిని దించి, డేరా వేసి, సాయంత్రానికి ‘మాయాబజార్’ ఆడాలి.

సురభి ప్రదర్శనను ప్రసిద్ధం చేసిన యంత్రవిద్య నిజానికి నిర్వహణ విద్య. ఘటోత్కచుడు గాలిలోకి లేవాలంటే పైన కప్పీ దగ్గర ఒకరు, తాడు చివర ఇద్దరు, దీపం దగ్గర ఒకరు ఒకే క్షణంలో కదలాలి. తాడు పట్టినవారు మొన్న రాత్రి కృష్ణుడు, రేపు రాత్రి శకుని కావచ్చు. వంట చేసిన చేయే రంగు పూస్తుంది. ఇక్కడ నిర్వాహకుడికి వేరే జీతం లేదు, ఎందుకంటే అతడు తండ్రి, మేనమామ లేదా అన్న. అతడి ఆజ్ఞకు బలం వరుసలో ఉంది, ఒప్పందంలో లేదు. ఈ అమరికను ఆదర్శ సమష్టి జీవనంగా కొనియాడటం పరిపాటి. కొనియాడదగినదే. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించే సంప్రదాయాన్ని సురభి నిలబెట్టగలిగిందంటే దానికి కుటుంబ నిర్మాణమే ఆలంబనం. అయితే అదే నిర్మాణంలో పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పడం అసాధ్యం. మేనమామ మీద ఫిర్యాదు చేయడానికి ఏ యూనియన్ ఆఫీసూ ఉండదు. వార్ధక్యంలో తాడు లాగలేని చేతికి కుటుంబం పెట్టే అన్నమే పింఛను. ఆ కుటుంబం సినిమా దెబ్బకు చితికితే అదీ లేదు.

పద్యనాటకం మరో దారి పట్టింది. సమాజాలు బలహీనపడినచోట కాంట్రాక్టరు వచ్చాడు. పేరున్న నటులను ఒక్క రాత్రికి కుదిర్చి, ఒకే నాటకంలో ఒకే పాత్రను ఒకరి తర్వాత ఒకరు ధరించేటట్టు ఏర్పాటు చేసి, ప్రేక్షకుడి ఎదుట పద్యాల పోటీ పెట్టాడు. ‘శ్రీకృష్ణ రాయబారం’లో పడకసీను కృష్ణుడు వేరు, సభలో కృష్ణుడు వేరు. ఈ పద్ధతి సాహిత్య దృష్టితో బాగానే విమర్శకు గురైంది, నాటక సమగ్రత చెడిందన్నారు. శ్రమ దృష్టితో జరిగిన నష్టం అంతకంటె లోతైనది. రాత్రికి రాత్రి కలిసి తెల్లవారేసరికి విడిపోయే బృందంలో సమష్టి బేరానికి చోటెక్కడిది? పేరున్న నటుడు తన పారితోషికం తాను మాట్లాడుకోగలడు. హార్మోనిస్టు కొంతవరకు మాట్లాడుకోగలడు. ప్రాంప్టరు, తెర లాగేవాడు, వేషసామగ్రి అద్దెకు తెచ్చినవాడు కాంట్రాక్టరు ఇచ్చినంత పుచ్చుకోవాలి. గంట కొట్టేవాడే డబ్బు చెల్లించేవాడైనప్పుడు ఆలస్యానికి, అర్ధరాత్రి దాటిన అదనపు అంకానికి అడ్డు చెప్పే నోరు వేదిక వెనుక లేకపోయింది.

ఉద్యమ రంగస్థలం ఈ విషయంలో మరింత ఆలోచింపజేస్తుంది. 1943లో రూపుదిద్దుకున్న ప్రజానాట్యమండలి, ఆ తర్వాతి తరంలో జననాట్యమండలి శ్రామికుడిని నాయకుడిగా నిలబెట్టాయి. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన వంగపండు ప్రసాదరావు ‘భూమి భాగోతం’తో కొండ కింది పల్లెల బాణీని వేదికమీదికి తెచ్చారు. ఆయన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో పనిచేసిన కార్మికుడు. షిప్‌యార్డు గేటు లోపలి పనికి వేళలున్నాయి, ప్రమాదం జరిగితే పరిహారం ఉంది, సమ్మెకు చట్టపు గుర్తింపు ఉంది. అదే కార్మికుడు సాయంత్రం గజ్జె కట్టి వేదిక ఎక్కితే వాటిలో ఒక్కటీ ఆ మెట్లు ఎక్కదు. ఆశయం కోసం చేసే పనికి కూలి అడగడం తగదన్న భావన ఆ బృందాలకు గొప్ప నైతిక బలాన్ని ఇచ్చింది. ఆ బలమే రంగస్థల శ్రమను శ్రమగా చూడనివ్వకుండా చేసింది. కూలి పోరాటాన్ని ఇంత శక్తిమంతంగా ఆడిన రంగస్థలం డోలు మోసినవాడి కూలిని చర్చకు పెట్టలేదు.

చట్టం కంటికి కనిపించినవారు

నాటక ప్రదర్శనల చట్టం 1876లో వచ్చింది. నిషేధించిన నాటకాన్ని ఆడితే ఎవరు శిక్షార్హులో దాని ఆరవ సెక్షను చెబుతుంది. పాత్ర ధరించినవారు మొదటివారు. ఆ వెంటనే, అటువంటి ప్రదర్శన నిర్వహణకు ఏ విధంగానైనా తోడ్పడినవారు. శిక్ష మూడు నెలల వరకు ఖైదు, లేదా జరిమానా, లేదా రెండూ. తెర వెనుక మనిషిని ఆధునిక భారతీయ శాసనం గుర్తించిన సందర్భం ఇది. తోడ్పడటమంటే ఏమిటో వలస ప్రభుత్వానికి బాగా తెలుసు. తాడు లాగేవాడు లేకుండా నాటకం నడవదన్న సత్యాన్ని సాహిత్య చరిత్రకారులకంటె ముందు పోలీసు గ్రహించాడు. ఈ చట్టం రద్దయినది 2018లో. దాదాపు 140 ఏళ్ళపాటు రంగస్థల నిర్వాహకుడు నిందితుడయ్యే అవకాశంతో బతికాడు. ఆ కాలంలో అతడిని కార్మికుడిగా పేరుపెట్టి పిలిచిన చట్టమేదీ రాలేదు.

2025 నవంబరు దాకా అమలులో ఉన్న 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం కింద ఏడుగురు కలిస్తే సంఘం నమోదుకు దరఖాస్తు చేసుకోగలిగేవారు. అయితే ఆ సంఘం ఎవరితో బేరమాడాలి? యజమాని అన్నవాడు ఉండాలి కదా. సురభిలో యజమాని మేనమామ, పద్యనాటకంలో యజమాని తెల్లవారితే ఉండడు. సినిమా దీనికి భిన్నంగా ఎదిగింది. 1981లో సినీ కార్మికులకు, సినిమా హాళ్ళ కార్మికులకు కలిపి ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం అయిదుగురు లేదా అంతకు మించి పనిచేసే సినిమా హాలులో టిక్కెట్టు చింపే ఉద్యోగికి భవిష్యనిధి వర్తించేది. పక్క వీధిలోని నాటకశాలలో తెర లాగే మనిషికి ఆ చట్టంలో చోటు లేకపోయింది. ఆ చట్టాన్ని తనలో కలుపుకొని 2025 నవంబరులో అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ‘దృశ్య శ్రవణ కార్మికుడు’ అన్న విస్తృతమైన వర్గాన్ని ఏర్పరచింది. సినిమా, టెలివిజన్, వెబ్ సీరియల్, రియాలిటీ షో, చివరికి క్రీడా ప్రసారం కూడా ఆ నిర్వచనంలో ఉన్నాయి. ప్రేక్షకుడి ఎదుట ప్రాణంతో నిలబడి ఆడే రంగస్థలం పేరు అందులో లేదు. కెమెరా ఉంటే కార్మికుడు, కెమెరా లేకపోతే కళాకారుడు! 24 క్రాఫ్టులుగా విభజించుకున్న తెలుగు సినిమా కార్మికులు 2025 ఆగస్టులో వేతనాల పెంపు కోరుతూ షూటింగులు నిలిపివేయగలిగారు. ప్రతి పనికీ ఒక పేరు, ప్రతి పేరుకూ ఒక సంఘం, సంఘాలన్నిటికీ ఒక సమాఖ్య ఉండబట్టే అది సాధ్యమైంది.

నటుడు, నిర్వాహకుడు ఒకే సంఘంలో ఉండవచ్చా అన్న ప్రశ్నకు న్యూయార్క్‌లో దొరికిన సమాధానం ఇక్కడ అవసరం. 1913లో ఏర్పడిన యాక్టర్స్ ఈక్విటీ అసోసియేషన్ 1919లో సమ్మెకు దిగి సుమారు నెలరోజుల్లో నిర్మాతల గుర్తింపు పొందింది. ఆనాటి నటుల ఫిర్యాదులు వింటే తెలుగు సమాజాలవే అనిపిస్తాయి. సాధనకు డబ్బులేదు, దుస్తులు సొంతంగా తెచ్చుకోవాలి, దూరపు ఊళ్ళో ప్రదర్శన ఆగిపోతే తిరుగు ప్రయాణానికి దిక్కులేదు. ఈ సంఘం స్టేజి మేనేజర్లకు కూడా ప్రాతినిధ్యం వహిస్తుంది. స్టేజి మేనేజరు ఒక విధంగా యాజమాన్యపు చేయి. ఆలస్యాన్ని నమోదు చేసేది, క్రమశిక్షణ చూసేది అతడే. అయినా సంఘ సభ్యుడు. సాధనలో 55 నిమిషాలకు 5 నిమిషాలు లేదా 80 నిమిషాలకు 10 నిమిషాలు విరామం ఇవ్వాలన్న ఈక్విటీ నియమం గడియారం చూసే ఒక మనిషి ఉన్నప్పుడే అమలవుతుంది. ఆ మనిషి ఎవరి పక్షాన గడియారం చూస్తున్నాడన్నది సభ్యత్వం తేలుస్తుంది. నిర్వాహకుడి సభ్యత్వం ఒక ఉద్యోగికి దక్కే సౌకర్యం మాత్రమే కాదు, వేదిక మీది కాలం ఎవరిదన్న ప్రశ్నకు అది జవాబు.

లోయలో వేదిక

అరకులోయ 2022 ఏప్రిల్ నుంచి పాడేరు కేంద్రంగా ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలో భాగం. థింసా ఈ లోయకు, దాన్ని ఆనుకుని ఉన్న ఒడిశా కొండలకు ఉమ్మడి సొత్తు. బగత, కొండదొర, కోటియ, పోర్జ, గదబ, ఖోండ్, వాల్మీకి తెగల ఊళ్ళలో తరతరాలుగా ఆడుతున్నారు. స్త్రీలు ఒకరి వెనుకగా ఒకరు చేతులు పెనవేసుకుని అర్ధవలయంగా కదులుతారు. పురుషులు డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు వాయిస్తారు. నృత్యంలో భేదాలున్నాయి. గ్రామదేవత కోసం ఆడేది బోడ థింసా. ఆకులు ఏరుకునే కదలికలతో పోతర్‌తోల, పులి నుంచి తప్పించుకునే ఆటగా భాగ్ థింసా సాగుతాయి. నాటికారి వాల్మీకులు ఒంటరిగా ఆడేది. అమ్మవారు పూనినప్పటిది బాయ థింసా. ఈ భేదాలను నమోదు చేసిన జానపద పరిశోధన అడుగుల లెక్కను, పాటల భాషను శ్రద్ధగానే పట్టుకుంది. ఆటను ఎవరు మొదలుపెడతారు, ఎవరు ఆపుతారు అన్నది మాత్రం నేపథ్య సమాచారంగా మిగిలింది.

ఊరిలో ఆ నిర్వహణ ఒకరి చేతిలో లేదు, పంచుకోబడి ఉంది. దిసారి రోజును, వేళను చెబుతాడు. బారికి ఊరంతా తిరిగి చాటుతాడు. నాయుడి పెద్దరికం మీద ఆట జరుగుతుంది. నెమలి పింఛం పట్టి ముందు నడిచే మనిషి వరుసను మలుపు తిప్పుతాడు. వాద్యం జోరు తగ్గితే అడుగు తగ్గుతుంది, అలిసినవారు వరుస విడిచి కూర్చుంటారు, మరొకరు వచ్చి చేయి కలుపుతారు. రంగస్థల పరిభాషలో చెప్పాలంటే ముహూర్తం, పిలుపు, సంకేతం, విరామం అనే నాలుగు పనులకు నలుగురు బాధ్యులు. వారంతా ఊరికి జవాబుదారులు. దీన్ని మచ్చలేని సమానత్వంగా చిత్రించడం సరికాదు. వాద్యకారులు పలుచోట్ల వాల్మీకులు, నర్తకులు వేరే తెగవారు. వారి మధ్య అంతరాలు అందరికీ తెలిసినవే. అయినా ఆట ఎంతసేపన్న నిర్ణయం ఊరి సరిహద్దు దాటలేదు.

చైత్రంలో వచ్చే ఇటుకల పండుగ దీనికి మంచి ఉదాహరణ. పురుషులు వేటకు అడవిలోకి పోతే స్త్రీలు ఆటపాటలతో దారికి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయేవారిని ఆపి పండుగ డబ్బులు వసూలు చేస్తారు. బాటసారి ఎవరైనా సరే, విశాఖ నుంచి వచ్చిన కారైనా సరే, ఆగాలి. ఎంతసేపు ఆపాలో, ఎంత పుచ్చుకోవాలో, ఎప్పుడు కర్ర ఎత్తాలో ఆ స్త్రీల ఇష్టం. నాటకభాషలో ఇది వారి తెర, వారి గంట. అదే బాటసారి, అదే రోడ్డు మీద, పండుగ కాని నెలలో రిసార్టు ఆవరణలో వారి ఆట చూసేటప్పుడు ఈ సంబంధం తలకిందులవుతుంది.

విశాఖపట్నం నుంచి పర్యాటక సంస్థ నడిపే రైలు, రోడ్డు ప్యాకేజీలో గిరిజన మ్యూజియం, అనంతగిరి కాఫీ తోటలు, బొర్రా గుహలతోపాటు థింసా ఒక అంశం. పొద్దున కిరండూల్ రైలెక్కినవారు ఆ రాత్రికి బస్సులో తిరిగి నగరం చేరాలి. ఈ ఒక్క రోజు ప్రయాణపు లెక్కలో భోజనానికి, గుహలకు మధ్య మిగిలిన వ్యవధి థింసాకు దక్కుతుంది. ఆట ఎప్పుడు మొదలవాలో దిసారి చెప్పడు, బస్సు చెబుతుంది. బస్సు ఆలస్యమైతే నర్తకులు వేచి ఉండాలి, తొందరైతే ఆట కుదించుకోవాలి. రాత్రి బస చేసే ప్రైవేటు రిసార్టులలో మంట చుట్టూ జరిగే ప్రదర్శనలకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ గంట అతిథుల భోజన సమయాన్ని బట్టి మోగుతుంది. ఊరిలో నలుగురి మధ్య పంచుకున్న నిర్వహణ ఇక్కడ ఒకరి చేతికి, అదీ ఊరికి జవాబుదారీ లేని చేతికి చేరింది. ఆ చేయి కొన్నిచోట్ల రిసార్టు ఉద్యోగిది, కొన్నిచోట్ల బృందాన్ని పిలుచుకువచ్చే మధ్యవర్తిది. పద్యనాటకపు కాంట్రాక్టరును ఎరిగినవారికి ఈ మనిషి కొత్తవాడు కాడు.

వేదిక స్వభావం మారితే ఆట కూర్పు కూడా మారుతుంది. పూనకం మీద ఆధారపడిన బాయ థింసాను మధ్యాహ్నం రెండు గంటలకు పిలిపించలేరు. ఒంటరి నాటికారి పర్యాటకుడి ఫొటోకు నిండుగా కనిపించదు. అర్ధవలయంలో సాగే సామూహిక భేదాలు ఏ వ్యవధిలోనైనా ఇముడుతాయి, ఎక్కడైనా ఆపవచ్చు, వాటి వరుసలోకి పర్యాటకులను కూడా చేర్చుకోవచ్చు. ఈ ఎంపికను సంస్కృతి క్షీణతగా వర్ణించే విమర్శ దాని కారణాన్ని సౌందర్యంలో వెదికింది. కారణం కాలపు నిర్వహణలో ఉంది. ప్రదర్శన నిడివిని, క్రమాన్ని నిర్ణయించే అధికారం బృందానికి ఉంటే ఏ భేదం ఎక్కడ ఆడాలో, ఏది వేదికకు తేకూడదో అన్న విచక్షణ కూడా వారిదే అవుతుంది. ఊరి దేవతకు మాత్రమే చెందినదాన్ని ఊరిలోనే ఉంచుకునే హక్కు అందులో ముఖ్యమైనది. శుద్ధత గురించి దూరం నుంచి బాధపడే పండితుడు చేయలేని పని, బేరమాడగల బృందం చేయగలదు.

పర్యాటకులను వరుసలో చేర్చుకోవడమన్న ఆచారం కూడా నిర్వహణ ప్రశ్నే. అతిథి చీరకట్టుతో, పూసలతో నిలబడి ఫొటో దిగుతాడు లేదా దిగుతుంది. ఆ చీర ఎవరిది, చిరిగితే ఎవరు కొంటారు? అడుగు తెలియని అతిథి తూలితే పక్కన పెనవేసుకున్న చేయి బెణుకుతుంది. ఆ చేయి మర్నాడు కాఫీ పళ్ళు కోయవలసిన చేయి. 1919లో న్యూయార్క్ నటులు సొంత దుస్తుల ఖర్చు గురించి అడిగినదానికీ దీనికీ తేడా భాషలోనే ఉంది. ఇక్కడ ‘ఆతిథ్యం’, ‘సంస్కృతి’ అన్న మాటలు ప్రశ్న నోటికి అడ్డం వస్తున్నాయి.

భూమికి ఉన్నది, ఆటకు లేనిది

ఈ కొండల్లో చట్టం ఆదివాసీని అసలు పట్టించుకోలేదని అనలేం. షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించిన 1/70 గిరిజనేతరులకు భూమి పోకుండా అడ్డుకట్ట వేసింది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల వివాదంలో పుట్టిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ అడ్డుకట్టను ప్రభుత్వ లీజులకు కూడా వర్తింపజేసింది. అటవీ ఫలసాయం కొనడానికి 1956 నుంచి గిరిజన సహకార సంస్థ ఉంది. కాఫీ రైతులు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద సభ్యులై, తమ గింజను పారిస్ దాకా పంపగలిగారు. నేలకు, చింతపండుకు, కాఫీకి ఉన్న ఈ కవచం ఆటకు లేదు. రిసార్టు నిలబడిన నేల గిరిజనేతరుడి పేరు మీదకు మారడం చట్టవిరుద్ధం. ఆ నేల మీద గిరిజన స్త్రీ ఆడే ఆట మీద అధికారం మొత్తం గిరిజనేతరుడి చేతికి చేరడాన్ని అడ్డుకునే నిబంధన లేదు.

నగర రంగస్థలం నమూనాలో ట్రేడ్ యూనియన్ ఇక్కడ తక్షణం పనికివస్తుందని అనుకోవడం కష్టం. యజమాని స్థిరంగా లేని సమస్య అరకులోనూ ఉంది. నర్తకి ఏడాదంతా నర్తకి కాదు. ఆమె రైతు, పొదుపు సంఘ సభ్యురాలు, సంత రోజున అమ్మకందారు. పర్యాటకుల రద్దీ శీతకాలంలో, ఆమె కాఫీ కోత కూడా ఇంచుమించు ఆ నెలల్లోనే. అందుచేత ఆమెకు తెలిసిన సభ్యత్వ రూపం, అంటే సహకార సంఘం, దగ్గరి మార్గం. ఆ సంఘపు నియమావళిలో రేటు ఒక్కటే రాసుకుంటే చాలదు. రోజుకు ఎన్ని ప్రదర్శనలు, ఒక ప్రదర్శన ఎంతసేపు, వేచి ఉన్న సమయానికి లెక్క ఉందా, ఎండకు కాలిన సిమెంటు నేల మీద ఒట్టి కాళ్ళతో ఆడవలసి వస్తే కాదనే అధికారం ఎవరిది, ప్రసవం తర్వాత వరుసకు రాలేని నెలల్లో వాటా ఉంటుందా, అతిథిని వరుసలోకి రానివ్వాలా వద్దా అన్నవి రాసుకోవాలి. వీటిని అక్కడికక్కడే అమలు చేయడానికి బృందంలోంచి, బృందం ఎన్నుకున్న, బృందం నుంచే వాటా పొందే ఒక నిర్వాహకురాలు కావాలి. నెమలి పింఛం పట్టే మనిషికి ఈ పని అప్పగించవచ్చునని తోస్తుంది గాని, ఊరిలో ఆ స్థానం సాధారణంగా పురుషుడిది. వరుసలో అలిసేది స్త్రీలు.

ఇంతకంటె చిక్కుముడి మరొకటి ఉంది. నర్తకులు ఒక తెగ, వాద్యకారులు వేరొక సమూహం అయిన ఊళ్ళలో సంఘం ఎవరిది? ఊరి ఆచారంలో వాద్యకారుడికి ఇచ్చేది ధాన్యం, బట్ట, పండుగ వాటా. అది మర్యాద, కొంత తక్కువచూపు కూడా. సంఘంలో అతడు వాటాదారు కావాలంటే నర్తకులతో సమానమైన ఓటు ఉండాలి, నిర్వాహక పదవికి పోటీచేసే హక్కు ఉండాలి. నటుడు, స్టేజి మేనేజరు ఒకే సంఘంలో ఉండవచ్చునని ఈక్విటీ తేల్చుకున్నప్పుడు వారి మధ్య కులం లేదు. మాలలు కట్టేవాడిని, రజకుడిని బృందంలో లెక్కించిన భరతుడు వారికి ఏ వాటా దక్కాలో చెప్పలేదు. డప్పు ఆగితే అడుగు ఆగుతుంది. ఆ లెక్కన మూడో గంటకు అందరికంటె దగ్గరగా ఉన్న చేయి వాద్యకారుడిదే. థింసా బృందాల క్షేత్రపరిశోధనకు వెళ్ళేవారు పాటలు రాసుకునే పుస్తకంలో ఇంకొక పేజీ తీసి, ఆనాటి డబ్బు ఎవరి చేతికి వచ్చింది, వాద్యకారుడి దాకా ఎంత చేరింది, ఆట ఆపమన్నది ఎవరు అని రాసుకుంటే ఈ చిక్కు ఏ ఊరిలో ఎలా ఉందో తెలియడం మొదలవుతుంది.